ఆఖరి పరీక్ష నుంచి వెనక్కి లెక్కపెట్టండి

స్టేట్ బోర్డా, సీబీఎస్ఈనా, కేంబ్రిడ్జా, ఐబీనా? ఊరు మారిన, దేశం మారిన ప్రతి తెలుగు ఇంట్లో ఏప్రిల్ వచ్చేసరికి ఇదే చర్చ. వేలూరు, గుడియాత్తం, కనియంబాడి వైపు కుటుంబాల కళ్లతో ఆ ప్రశ్నను చూసే ప్రయత్నం ఈ వారం ముఖచిత్ర కథనం.

వేలూరు నుంచి తిరువణ్ణామలై పోయే రోడ్డు పట్టుకుంటే ముందు బాగాయం వస్తుంది. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో చదివే పిల్లల ప్రాంగణం అక్కడే. మరికొంత దూరం పోతే అడుక్కంపారై. 2005లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్న ఊరు. అది దాటితే కనియంబాడి. టౌను బస్సులో కూర్చున్నవాళ్లు కాసేపట్లోనే రెండు మెడికల్ కాలేజీలు దాటిపోతారు. ఈ దారి వెంట ఊళ్లలో ఒక పిల్ల బాగా చదువుతోందంటే ఇంట్లో పెద్దవాళ్ల నోట ముందు వచ్చే మాట ‘డాక్టరు’. వాళ్లు పుట్టి పెరిగి చూసింది అదే మరి.

ఆ రెండు కాలేజీల్లోకీ ఇప్పుడు దారి ఒక్కటే, నీట్. సీఎంసీకి ఒకప్పుడు సొంత ప్రవేశ పరీక్ష ఉండేది. మైనారిటీ సంస్థగా ఆ హక్కు తమకుందని ఆ సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నీట్ అందరికీ వర్తిస్తుందని 2020 ఏప్రిల్ 29న కోర్టు తేల్చేసింది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల్లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. పిల్ల చదివింది గుడియాత్తం మునిసిపల్ బడిలోనా, షార్జాలోని ఇండియన్ స్కూల్లోనా, నెలకు లక్ష ఫీజు కట్టే ఐబీ బడిలోనా అని ఆ ప్రశ్నపత్రం అడగదు.

బోర్డు ఎంపిక గురించి మాట్లాడాలంటే ఈ ఆఖరి పరీక్ష దగ్గరే మొదలుపెట్టాలని నా పట్టుదల. మనవాళ్లు దాదాపు ఎప్పుడూ ఆ చివర నుంచి మొదలుపెట్టరు. బడి భవనం చూస్తారు, బస్సు చూస్తారు, పక్కింటివాళ్ల పిల్ల ఇంగ్లీషు చూస్తారు. పన్నెండో తరగతి ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో రాస్తుంది, ఆ తరవాత ఏ కాలేజీ అడుగుతుంది అనేది పదో తరగతి అయ్యాక గుర్తొస్తుంది. అప్పటికి చాలా దారులు మూసుకుపోయి ఉంటాయి.

గల్ఫ్‌లో ఉన్న చెల్లెలు ఇక్కడి అన్నకు ఫోను చేస్తే మాటలు ఇట్లా నడుస్తాయి.

“అన్నా, పాపను ఏ సిలబస్‌లో చేర్చల్ల?”

“ఇప్పుడు ఏ క్లాసుమ్మా?”

“ఎనిమిది అయిపోయిందన్నా.”

“ఇంకెన్నేండ్లు ఆడ ఉంటారు?”

“అది తెలిస్తే నిన్నెందుకు అడగతాన్నా?”

ఆ చెల్లెలు చెప్పినదాంట్లో మొత్తం చిక్కు ఉంది. ఎన్నేళ్లు ఉంటామో తెలియనివాళ్లే వలస తల్లిదండ్రులు. గల్ఫ్‌కు పోయినవాళ్లే కాదు. చిత్తూరు నుంచో గుంటూరు నుంచో సీఎంసీలో నర్సు ఉద్యోగానికి వచ్చినవాళ్లు, కాట్పాడిలో విఐటీలో పాఠం చెప్పడానికి వరంగల్ నుంచి వచ్చినవాళ్లు, సింగపూర్ నుంచి తిరిగి వచ్చి వేలూరులో ఇల్లు కట్టుకున్నవాళ్లు, అందరిదీ ఇదే అవస్థ. వీళ్లు కాక, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం మేమున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైమాటే. ఊరు మాదే, నేల మాదే, కానీ పరీక్ష హాల్లో కూర్చునేసరికి మా పిల్లలు కూడా సగం వలసవాళ్లే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

దొరల పిల్లలు ఏం రాశారు?

పిల్లల చదువు ఏ దేశపు పరీక్షకు ముడిపెట్టాలన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. 1853లో స్కడర్ సోదరులు అమెరికన్ ఆర్కాట్ మిషన్ స్థాపించారు. రాణిపేట, వేలూరు, అటు తెలుగు వైపు మదనపల్లె దాకా ఆ మిషన్ పని విస్తరించింది. ఆ ఇంటి ఆడపిల్ల ఐడా స్కడర్ 1870లో రాణిపేటలోనే పుట్టింది. చదువుకు మాత్రం ఆమెను అమెరికా పంపారు. మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ సెమినరీలో చదివి, కార్నెల్‌లో వైద్యం ముగించి, తిరిగి వచ్చి 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది. ఈనాటి సీఎంసీ దానినుంచి పెరిగిందే.

పిల్లల్ని సముద్రం దాటించి పదేళ్లు చూడకుండా ఉండటం ఆ తల్లిదండ్రులకు ఎంత కష్టమైందో తేలిగ్గానే ఊహించవచ్చు. దక్షిణాదిలోని అమెరికన్ మిషనరీలు 1901లో కొడైకెనాల్‌లో తమ పిల్లలకోసం బడి పెట్టుకున్నారు. తమిళ దేశపు కొండ మీద కూర్చుని, అమెరికా కాలేజీలకు పనికొచ్చే చదువు. వాళ్ల లెక్క స్పష్టం. పిల్లలు పెద్దయ్యాక చేరేది అమెరికాలో, కాబట్టి చదువూ అక్కడికి తగ్గదే. అదే బడి 1976లో ఐబీకి మారింది. మన దేశంలో ఐబీ చెప్పిన మొదటి బడి అదే. అప్పటికి మిషనరీల సంఖ్య తగ్గి, ఏ దేశానికి చెందని పరీక్ష అవసరమైన కుటుంబాలు పెరిగాయి. తెలుగునాట కూడా ఇదే జరిగింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాక, దేశదేశాల శాస్త్రవేత్తల పిల్లలకోసం హైదరాబాదులో అంతర్జాతీయ బడి అవసరమైంది.

ఇటు మనవాళ్లు రాసిందీ ఒకరకంగా విదేశీ పరీక్షే. 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని మెట్రిక్యులేషన్ గట్టెక్కితేనే కాలేజీ. తిరుత్తణిలో పుట్టిన తెలుగు కుర్రవాడు సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతి మిషన్ బడిలో చదివి, వేలూరు ఊరిస్ కాలేజీకి వచ్చి, ఆ మెట్ల మీదుగానే మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లాడు. ఆయనకు బోర్డు ఎంచుకునే అవకాశం లేదు. ఉన్నది ఒక్కటే పరీక్ష. ఇప్పుడు అయిదారు ఉన్నాయి, చిక్కు అక్కడే మొదలైంది.

ఏ పరీక్ష లోపల ఏముంది

స్టేట్ బోర్డు నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే దాన్నే అందరూ తక్కువగా చూస్తారు. తమిళనాడులో ఒకప్పుడు నాలుగు బోర్డులుండేవి. స్టేట్, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్. 2010 చట్టంతో వాటిని కలిపి సమచ్చీర్ కల్వి, అంటే అందరికీ సమానమైన చదువు, తెచ్చారు. అది ఆగుతూ సాగుతూ పోతే 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు అమలు చేయమంది. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ సీటుకు ప్రవేశ పరీక్ష లేదు. ప్లస్ టూ లెక్కల మార్కులు వందకు, ఫిజిక్సు యాభైకి, కెమిస్ట్రీ యాభైకి కుదించి రెండు వందలకు కటాఫ్ కడతారు. స్టేట్ బోర్డులో బాగా రాసిన పిల్లకు అన్నా విశ్వవిద్యాలయం దారి అక్కడే తెరిచి ఉంది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివితే మెడికల్ సీట్లలో 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది, 2020 చట్టం అది. కనియంబాడి వంటి ఊళ్లో ప్రభుత్వ బడి పిల్లకు ఇంతకంటే విలువైన హామీ ఏ అంతర్జాతీయ బోర్డూ ఇవ్వలేదు.

సీబీఎస్ఈ బలం వేరు. బదిలీల మీద బతికే ఇంటికి అది పుట్టిల్లు. కేంద్ర ఉద్యోగి అయినా, గల్ఫ్‌లో ఇంజనీరయినా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పుస్తకాలు మారకుండా పిల్లను తీసుకుపోవచ్చు. నీట్, జేఈఈలకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే ఆధారం, సీబీఎస్ఈలో చదివేదీ అవే. విదేశీ పద్ధతులను తన కిందికే తెచ్చుకోవాలని ఆ బోర్డు 2010లో సీబీఎస్ఈ ఇంటర్నేషనల్ పేరుతో ఒక పాఠ్యప్రణాళిక మొదలుపెట్టింది. 2017లో ఆపేసింది. మధ్యలో చేరిన పిల్లలు మళ్లీ మామూలు సీబీఎస్ఈకి సర్దుకోవాల్సి వచ్చింది. కొత్త పథకం ఏదైనా మొదటి బ్యాచిలో మన పిల్లను వేయడానికి తొందరపడకూడదని నేననేది అందుకే.

కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ 1988 నుంచి ఉంది. పిల్ల తనకు తగ్గ పాఠ్యాంశాలు ఏరుకోవచ్చు. ప్రయోగం చేసి, కారణం రాసి, తన మాటల్లో జవాబు చెప్పడం అలవాటవుతుంది. ఇది నిజమైన లాభం, కొట్టిపారేయకూడదు. అయితే ఏరుకునే చోటే మన తల్లిదండ్రులు దెబ్బతింటారు. లెక్కల్లో కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు మెట్లున్నాయి. కోర్ తీసుకుంటే ఎంత బాగా రాసినా ‘సీ’ గ్రేడు దాటదు. సైన్సును మూడు విడి పేపర్లుగా కాక కలిపి ఒకటిగా తీసుకునే వెసులుబాటూ ఉంది. తొమ్మిదో తరగతిలో పిల్లకు తేలిగ్గా ఉంటుందని అది తీసుకుని, రెండేళ్ల తరవాత వేలూరు వచ్చి పదకొండులో బయాలజీ గ్రూపు అడిగితే ఆ పునాది చాలదు. మన విశ్వవిద్యాలయాల సంఘం, ఏఐయూ, సమానత ఇచ్చేటప్పుడు అయిదు పాఠ్యాంశాల్లో ఏ స్టార్ నుంచి సీ దాకా ఉన్న గ్రేడులనే పదో తరగతిగా లెక్కలోకి తీసుకుంటుంది. తరవాతి మెట్టు ఏ లెవెల్స్. జూన్ పరీక్షల ఫలితాలు ఆగస్టు నడుమ వస్తాయి. అప్పటికి ఇక్కడ కౌన్సెలింగ్‌లు సాగిపోతుంటాయి. మన దేశంలోని బడులకోసం కేంబ్రిడ్జి మార్చి పరీక్ష పెట్టింది, కానీ దేశం బయట చదివే పిల్లలందరికీ అది అందదు.

ఇక ఐబీ. 1968లో జెనీవాలో పుట్టింది, దేశం దేశం తిరిగే దౌత్యవేత్తల పిల్లల అవసరంలోంచి. ఆరు పాఠ్యాంశాలు, ఒక్కోదానికి ఏడు పాయింట్లు, వ్యాసానికీ జ్ఞాన సిద్ధాంతానికీ కలిపి మూడు, మొత్తం నలభై అయిదు. డిప్లొమాకు కనీసం ఇరవై నాలుగు. నాలుగు వేల పదాల పరిశోధన వ్యాసం పదిహేడేళ్ల పిల్ల సొంతంగా రాయాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, నెదర్లాండ్స్ వెళ్లే పిల్లకు ఇంతకంటే మంచి తయారీ నేను చూడలేదు. మన మెడికల్ సీటుకు మాత్రం ఇక్కడో ముడి ఉంది. నీట్‌కు ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ చదివి ఉండాలి. భాషలు, సామాజిక శాస్త్రం, లెక్కలు, సైన్సు అన్నీ కలిసిన మామూలు ఐబీ అల్లికలో మూడు సైన్సులు ఇమడవు. బడి ముందుగానే ఐబీని అడిగి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న అడ్మిషన్ రోజున అడిగినవాళ్లు ఎందరు? పన్నెండు నడుస్తుండగా తెలుసుకుని తల పట్టుకున్నవాళ్లే ఎక్కువ.

బడి పేరులో ‘ఇంటర్నేషనల్’ అని ఉంటే అంతర్జాతీయ పరీక్ష అనుకోవద్దు. అలాంటి పేరు పెట్టుకున్న బడులు చాలావరకు సీబీఎస్ఈవే. అనుబంధం ఏ బోర్డుతో, ఏ తరగతి వరకు అని రాతపూర్వకంగా అడగాలి.

తొమ్మిది, పదకొండు

పిల్లను ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చాలంటే ఎనిమిది లోపు మార్చండి. ఆ తరవాత మార్చుకోవడానికి మిగిలేది పదకొండు మొదలు ఒక్కటే. సీబీఎస్ఈలో తొమ్మిదిలో ఒకసారి, పదకొండులో ఒకసారి పేరు నమోదవుతుంది. పది, పన్నెండు తరగతుల్లో నేరుగా చేరడానికి తల్లిదండ్రుల బదిలీ వంటి గట్టి కారణం చూపాలి, బోర్డు ఒప్పుకోవాలి. కేంబ్రిడ్జి, ఐబీ డిప్లొమాలూ రెండేళ్ల కోర్సులే, నడుమ ఎక్కించుకోవు. కాబట్టి ఉద్యోగం మారే తండ్రి, మారే ఏడాది తన చేతిలో ఉన్నంత వరకు, పిల్ల తరగతి చూసుకుని మారాలి. కంపెనీ జీతం ఏడాది ఆగి పెరిగినా ఫరవాలేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ‘లోకల్’ది, అంటే సీటు ఇచ్చేటప్పుడు ఏ రాష్ట్రం పిల్లను తనదిగా లెక్కిస్తుందన్నది. చాలామందికి ఇది సీటు పోయాక తెలుస్తుంది.

ఆంధ్ర నుంచి వచ్చి వేలూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఇల్లు అనుకోండి. పిల్ల పది దాకా ఇక్కడే సీబీఎస్ఈలో చదివింది. మార్కులు బాగా వచ్చాయి. అమ్మమ్మ ఊరు దగ్గరే కదా, అందరూ చేసేదే కదా అని తిరుపతిలోనో నెల్లూరులోనో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటరు రెండేళ్లు వేస్తారు. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఇక్కడ చదివిన పిల్లను నేరుగా లోకల్‌గా తీసుకుంటుంది. బయట చదివితే నేటివిటీ సర్టిఫికెట్ కావాలి. మా వంటి పాతకాపులకు అది దొరుకుతుంది, ఆంధ్ర నుంచి వచ్చిన ఇంటికి దొరకడం కష్టం. అటు ఆంధ్రప్రదేశ్‌లో స్థానికత రావాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు అక్కడే వరుసగా చదివి ఉండాలి, ఈ పిల్ల చదివింది రెండేళ్లు. అంటే ఆ హాస్టల్ రెండేళ్లతో పిల్ల ఇక్కడా లోకల్ కాదు, అక్కడా కాదు. తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు ఆంధ్రలో ఉన్నట్టు చూపగలిగితే అన్‌రిజర్వుడు 15 శాతంలో పోటీ పడొచ్చు, అంతే. తెలంగాణ ఇంకా బిగించింది. 2024లో తెచ్చిన నియమం ప్రకారం మెడికల్ సీట్లకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. దాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ నియమాలు ఏటా మారుతుంటాయి. ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెచ్చుకుని కూర్చుని చదవడం తప్ప దారి లేదు, ఎవరో చెప్పింది విని దిగకూడదు.

గల్ఫ్ ఇళ్లదీ ఇలాంటి పొరపాటే. ఎన్‌ఐటీల్లో విదేశాల్లో చదివిన పిల్లలకు డాసా పథకం ఉంది. అందులో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు విడిగా సీట్లున్నాయి, వాళ్లకు ఫీజు ఇక్కడి పిల్లలతో సమానం. ర్యాంకు జేఈఈ మెయిన్‌దే. కానీ ప్లస్ టూ అక్కడే ముగించిన పిల్లకే ఆ కోటా. ‘ఇంజనీరింగ్ కోచింగ్‌కు ఊరికి పంపుదాం’ అని పదకొండులో పిల్లను వేలూరు పంపిన తండ్రి, ఆ కోటాను తనంతట తానే వదులుకుంటున్నాడు.

తెలుగు ఏ పేపరు?

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పిల్ల రాసే పరీక్షలో తెలుగు ఉందా?

భాష ఇంట్లో మాట్లాడితే చాలు, పరీక్ష ఎందుకు అంటారు. మా వైపు ఇళ్లు చూస్తే దానికి జవాబు దొరుకుతుంది. తాతకు పెద్ద బాలశిక్ష వచ్చు. తండ్రి తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. కూతురు చక్కగా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం గుర్తుపట్టదు. మూడు తరాల్లో ఇంత జరగడానికి ఇంట్లో ప్రేమ తగ్గడం కారణం కాదు. బడిలో ఆ పేపరు లేకపోవడం కారణం.

తమిళనాడు 2006లో తమిళ బోధన చట్టం తెచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలై ఏటేటా పైకి పోతూ, 2016 నాటికి పదో తరగతి పరీక్షలో మొదటి భాష పేపరుగా తమిళమే తప్పనిసరి అయింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళం పిల్లలు కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టు కొన్నేళ్లు మినహాయింపులిచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటికి మినహాయింపు పొడిగించింది. ఏటా పరీక్ష ముందు కోర్టు వైపు చూస్తూ కూర్చునే పిల్ల ఏ ధైర్యంతో తెలుగు ఎంచుకుంటుంది? 2015-16 నుంచి సీబీఎస్ఈ వంటి ఇతర బోర్డుల బడులకూ తమిళం అంచెలంచెలుగా వర్తింపజేశారు. ఈ నేల మీద బతికేవాళ్లు తమిళం నేర్చుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. మేమంతా నేర్చుకున్నాం, ప్రేమిస్తున్నాం కూడా. నేననేది ఒక్కటే. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఆ మాట తమిళం పక్కన తెలుగుకు ఒక కుర్చీ వేయమనే.

బోర్డుల్లో చూస్తే, సీబీఎస్ఈ పదో తరగతి భాషల్లో తెలుగుకు రెండు కోడ్‌లున్నాయి. 007 తెలుగు, 089 తెలంగాణ తెలుగు. ఐసీఎస్ఈ రెండో భాషల జాబితాలోనూ తెలుగు ఉంది. పుస్తకం ఉంది, ప్రశ్నపత్రం ఉంది, వేలూరు బడుల్లో పంతులు లేరు. పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్లి అడిగితే ప్రిన్సిపాల్ కాదనడానికి కారణాలు తగ్గుతాయి. విడివిడిగా అడిగితే ‘హిందీ తీసుకోండి’ అని పంపించేస్తారు. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ పాఠ్యాంశాల జాబితాలో హిందీ కనబడుతుంది, తెలుగు కనబడదు. ఐబీలో మాత్రం ఒక మంచి ఏర్పాటుంది. బడిలో చెప్పని మాతృభాషను కూడా పిల్ల సాహిత్య పాఠ్యాంశంగా, బడి పర్యవేక్షణలో సొంతంగా చదువుకుని పరీక్ష రాయవచ్చు. తెలుగుకు ముందుగా అనుమతి అడగాలి. ఎంతోమంది తెలుగు పిల్లలు ఐబీ చదువుతున్నారు, ఎందరి తల్లిదండ్రులు అడిగారు?

సింగపూర్‌లో ప్రభుత్వ బడుల్లో తమిళం కాక మరో అయిదు భారతీయ భాషలు మాతృభాషలుగా తీసుకోవచ్చు. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. తెలుగు పిల్లలు హిందీనో తమిళమో మాతృభాషగా రాసుకుంటున్నారు. ఎమిరేట్స్‌లో ప్రైవేటు బడి అయినా అరబిక్ తప్పనిసరి. దానిపైన ఇంగ్లీషు, హిందీ వచ్చాక పిల్ల రోజులో తెలుగుకు మిగిలే గంట ఇంట్లోదే. మారిషస్ చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో కూలికి పోయిన తెలుగువాళ్ల వంశస్థులు అక్కడి ప్రాథమిక బడుల పరీక్షలో తెలుగును పాఠ్యాంశంగా నిలబెట్టుకున్నారు. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలై, అప్పటి పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంతో కలిసి పిల్లలకు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చింది. ఆదివారం పాఠానికి పరీక్ష జత చేశారు కాబట్టే పిల్లలు నాలుగేళ్లు నిలిచి చదువుతున్నారు. చిత్తూరు నుంచి గంట దూరంలో ఉన్న వేలూరులో, గుడియాత్తంలో అటువంటిది మనం ఎందుకు పెట్టుకోకూడదు?

ప్రభుత్వాలూ తడబడ్డాయి

తల్లిదండ్రులే కాదు, ఒక రాష్ట్రం మొత్తం ఈ ఎంపికలో ఊగిసలాడింది. ఆంధ్రప్రదేశ్ వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈ కిందికి తెచ్చింది. 2024 జనవరి 31న ఐబీతో ఒప్పందం కూడా చేసుకుంది. అదే ఏడు ప్రభుత్వం మారింది. ఆ వెయ్యి బడుల పదో తరగతి పిల్లలను మళ్లీ రాష్ట్ర బోర్డుకు తెచ్చారు. ఐబీ మాట వెనక్కి పోయింది. పేదపిల్లకు అంతర్జాతీయ చదువు అందాలన్న కోరిక మంచిదే. పంతుళ్లను సిద్ధం చేయకుండా పరీక్ష మార్చడం మాత్రం తప్పు. ఆ భారం మోసింది తొమ్మిది, పది తరగతుల పిల్లలు. తమిళనాడులోనూ పదకొండుకు పబ్లిక్ పరీక్ష 2017-18లో పెట్టారు, 2025 ఆగస్టు 8న విడుదలైన రాష్ట్ర విద్యావిధానంతో తీసేశారు. ఇది మంచి పని, పిల్లకు ఊపిరాడే ఏడాది ఒకటి దొరికింది.

నా తీర్పు

వేలూరు, గుడియాత్తం, కనియంబాడి ఇళ్లకు నేను చెప్పేది ఇది. పిల్ల ఈ దేశంలో మెడిసిన్‌కో ఇంజనీరింగ్‌కో పోవాలనుకుంటే, ఇల్లు ఇక్కడే స్థిరమైతే, స్టేట్ బోర్డు గాని సీబీఎస్ఈ గాని చాలు. అప్పు చేసి ఐబీ చదివించడం వృథా. తమిళనాడు ఇంజనీరింగ్ సీటే కావాలనుకుంటే ఎనిమిది నుంచి పన్నెండు దాకా పిల్లను ఈ రాష్ట్రం దాటించకండి. తండ్రి ఉద్యోగం మూడేళ్లకో దేశం మారేదైతే, కాలేజీ చదువు బయటే అని ఇంట్లో నిజంగా అనుకుంటుంటే, ఐబీగాని కేంబ్రిడ్జిగాని పట్టుకుని చివరిదాకా అందులోనే ఉంచండి. సగం దూరం పోయి తిప్పకండి. ఏదీ తేలని ఇంటికి సీబీఎస్ఈ క్షేమం. విఐటీ వంటి చోట్ల సొంత ప్రవేశ పరీక్షకు అన్ని బోర్డుల పిల్లలూ కూర్చోవచ్చు, ఆ దారి ఎలాగూ ఉంది.

పిల్లను కూడా అడగండి. పదమూడేళ్ల పిల్లకు తన భయాలు, తన ఇష్టాలు తెలుసు. మనం అడగం, అంతే.

వచ్చే అడ్మిషన్ ఫారం మీద సంతకం చేసేముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో, ఏ దేశంలో రాస్తుంది, ఆ రోజుకు తను ఎక్కడ లోకల్ అవుతుంది, తెలుగు ఏ పేపరుగా చదువుతుంది. మూడోదానికి జవాబు లేకపోతే, మీ బడిలోని మరో తొమ్మిదిమంది తెలుగు తల్లిదండ్రులను వెతుక్కుని, జూన్‌లో బడి తెరవకముందే ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇవ్వండి.